పాఠం నిజంగా బుర్రకెక్కిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నమస్కారం. నేను హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. కిరణజన్య సంయోగక్రియ మీద సొంతంగా ఒక వర్క్‌షీట్ తయారు చేశాను. సమీకరణం అప్పజెప్పించడం కాకుండా, 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కుండీలో విల్లో మొక్కను పెంచి చేసిన ప్రయోగంతో మొదలుపెట్టాను. ఐదేళ్లలో చెట్టు బరువు సుమారు 74 కిలోలు పెరిగింది, కుండీలో మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే. మరి అంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఆయన నీళ్ల నుంచే అనుకున్నాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి పిల్లలే పట్టుకోవాలని నా ఆశ.

పాఠానికి ముందూ తర్వాతా ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాను. మార్కులు బాగా పెరిగాయి. కానీ ఒకమ్మాయి సమీకరణం తప్పు లేకుండా రాసి, దాని కిందే "చెట్టు మట్టిని తిని పెరుగుతుంది" అని రాసింది. అది చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పాత ప్రశ్నలు గుర్తుండి రాస్తున్నారేమో! రెండోసారి ప్రశ్నలు మారిస్తే, రెండు పేపర్ల కష్టం సమానమని ఎలా తేల్చుకోవాలి? పోల్చి చూద్దామంటే నాకు ఇంకో సెక్షన్ లేదు. ఆప్షన్ పెట్టించాక "ఎందుకు?" అని ఒక వాక్యం రాయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ జవాబులకు మార్కులు ఎలా వేశారో ఒకటి రెండు ఉదాహరణలతో చెబితే చాలా మేలు చేసినవారవుతారు.