కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు సంఘంలో నిలబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: గాజువాక నుండి ఒక సంఘ పెద్ద

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘానికి కొత్తగా వచ్చేవారిలో ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనులు చేసుకొనేవారు, చదువు కోసం ఏజెన్సీ నుండి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న యువకులు, ఇంట్లో మరెవరూ విశ్వాసులు కాకపోయినా ఒంటరిగా వచ్చే స్త్రీలు ఎక్కువ. బాప్తిస్మం రోజున సంఘమంతా సంతోషిస్తుంది, ఫొటోలు తీస్తారు, కొత్త బైబిలు చేతిలో పెడతారు. కొన్ని నెలలు గడిచేసరికి వారిలో చాలామంది ముందు వరుసల నుండి వెనుకకు, వెనుక నుండి గుమ్మం బయటకు జరిగిపోతున్నారు. పాస్టరు గారు ఒక్కరే అందరి ఇళ్లకూ వెళ్లలేరు. ప్రత్యేకంగా తరగతి పెడదామని కొందరు పెద్దలు, వెంటనే ఏదో ఒక పరిచర్య అప్పగిస్తే నిలబడతారని మరికొందరు అంటున్నారు. ఇంట్లో వ్యతిరేకత ఉన్నవారికి ఎలాంటి సలహా ఇవ్వాలన్నది మరొక చిక్కు. అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

జవాబు 1: కంచరపాలెం, స్త్రీల సమాజం సభ్యురాలు

అయ్యగారికి వందనాలు. తరగతి పెట్టండి, కాదనను. అయితే దానికన్నా ముందు ప్రతి కొత్త విశ్వాసికీ ఒక కుటుంబాన్ని చూడండి. అంతకుముందు విశ్వాసులను హింసించిన సౌలు (తరువాత పౌలు) యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులందరూ అతనికి భయపడితే, అతణ్ణి చేరదీసి అపొస్తలుల వద్దకు తీసుకువెళ్లినవాడు బర్నబా ఒక్కడే అని అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో చదువుతాము. మా సంఘంలో అదే పద్ధతి పెట్టుకున్నాము: కొత్తగా వచ్చినవారికి అదే వీధిలోనో పక్క వీధిలోనో ఉండే ఒక కుటుంబం బాధ్యత తీసుకుంటుంది, స్త్రీలకు తప్పనిసరిగా స్త్రీలే తోడుంటారు. ఆ కుటుంబం చేయవలసింది బోధ కాదు. వారంలో ఒకసారి ఫోను చేయడం, భోజనానికి పిలవడం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆసుపత్రికి వెంట వెళ్లడం, అంతే.

ఆదివారం రాలేదు కాబట్టి విశ్వాసం చల్లారిందని తీర్పు చెప్పే అలవాటు మనలో చాలా ఉంది. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఇంటికి చేరిన మనిషి తొమ్మిది గంటల ఆరాధనలో ఎలా కూర్చుంటాడు? అతని కోసం బుధవారం సాయంత్రం ఎవరింట్లోనైనా చిన్న కూటం పెట్టవచ్చు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో హార్బరు మీద బ్రతికేవారి ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నదో లేదో కూడా అడగాలి. అయితే ఆ సహాయం కొత్తవారికే ప్రత్యేకంగా ఇవ్వకుండా అవసరంలో ఉన్న పాత సభ్యులతో పాటే ఇవ్వండి. బియ్యం కోసం మతం మారారన్న మాట పడేది వారే గాని మనము కాదు.

భర్త విశ్వాసి కాకపోయినా ఆమెతో కాపురం చేయడానికి ఇష్టపడితే అతణ్ణి విడువవద్దని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు. అలాంటి సహోదరిని రాత్రంతా జరిగే ప్రార్థనలకు రమ్మని ఒత్తిడి చేసి, ఆ ఇంట్లో గొడవ పెంచి, తరువాత దానిని విశ్వాసం కోసం పడే శ్రమ అని పిలవడం నాకు సమ్మతం కాదు. కొడుతున్నారని చెప్పినప్పుడు మాత్రం, సహించమ్మా అని పంపించివేయకుండా ఆమెకు సురక్షితమైన చోటు చూపించి, చట్టపరమైన సహాయం అందేలా చూడాలి.

జవాబు 2: ఎం.వి.పి. కాలనీ, విశ్వాసి

నేను క్రైస్తవేతర కుటుంబం నుండి వచ్చినవాడిని, కాబట్టి అటువైపు నుండి చూసినది చెబుతాను. మొదటి నెలలోనే నన్ను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించారు. పాత జీవితం ఎంత చీకటిగా ఉంటే అంత గట్టిగా స్తోత్రాలు వినిపించడం గమనించాక, మా అమ్మానాన్నల మంచితనం గురించి ఒక్క మాట కూడా చెప్పకుండానే దిగిపోయాను. అధ్యక్షుడు కొత్తగా చేరినవాడై ఉండకూడదని తిమోతికి పౌలు వ్రాసిన మాటను మన సంఘాలు పదవులకే పరిమితం చేస్తున్నాయి. మైకు విషయంలోనూ దానిని పాటిస్తే మంచిది. అందుకే వెంటనే పరిచర్య అప్పగించాలన్న మీ పెద్దల అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. కుర్చీలు సర్దే పని ఇస్తే సరే.

రెండవది, పేరు. మన జిల్లాలో సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు లేని ఇల్లు అరుదు. వారిలో ఒకరు బాప్తిస్మం తీసుకోగానే బైబిలు పేరు తగిలించాలన్న తొందర దేనికో నాకు అర్థం కాదు. గ్రీకు దేవుళ్ల పేర్లను బట్టి వచ్చిన పేర్లతోనే అపొల్లో, ఫీబే ఆదిమ సంఘంలో పని చేశారు కదా.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు ఇంటిల్లిపాదీ బయలుదేరినప్పుడు, ఒక్కడు మాత్రం రానని చెప్పవలసి వస్తుంది. అతడు చెప్పే తీరులో తల్లి మీద గౌరవం కనబడాలి. తాను నడవకపోయినా, తిరిగి వచ్చిన తల్లి కాళ్లకు వేడినీళ్లు పెట్టవచ్చని నేర్పే పెద్దలు మనకు కావాలి. ఇంటి దేవుళ్లను వెక్కిరించమని నేర్పే పెద్దలు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఇంకొక మాట, కొంచెం కటువుగా ఉంటుంది. కొత్తవారిని పలకరించగానే మనవాళ్లు అడిగే రెండవ ప్రశ్న ఇంటిపేరు, మూడవది సొంత ఊరు. ఎందుకు అడుగుతున్నారో అడిగేవారికీ తెలుసు, జవాబు చెప్పేవారికీ తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి స్థలంలోను, దరిద్రుణ్ణి పాదపీఠం దగ్గరా కూర్చోబెట్టడాన్ని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో ఖండించాడు. మీ సంఘంలో ఈ ప్రశ్నలు ఆగకపోతే ఎన్ని తరగతులు పెట్టినా కొందరు గుమ్మం బయటికే జరుగుతారు.

జవాబు 3: మద్దిలపాలెం, న్యాయవాది

చట్టం గురించి క్లుప్తంగా. రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, 1950 మూడవ పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవ్యం స్వీకరించిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సిగా (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా) పరిగణిస్తారు. ఎస్టీ హోదాకు మతంతో అలాంటి షరతు లేదు కాబట్టి ఏజెన్సీ యువకులు ఈ విషయంలో భయపడనక్కరలేదు. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 26వ సెక్షను ప్రకారం మతం మారిన వ్యక్తి తన వాటా కోల్పోడు. ఆ తరువాత పుట్టిన పిల్లలకు మాత్రం, వారసత్వం సంక్రమించే నాటికి వారు హిందువులైతే తప్ప, హిందూ బంధువుల ఆస్తిలో హక్కు ఉండదు. ఈ సంగతులు బాప్తిస్మానికి ముందే చెప్పండి. తరువాత తెలిసినవారు సంఘం తమను మోసగించిందని అనుకుంటే వారిని తప్పు పట్టలేము.

జవాబు 4: జ్ఞానాపురం, కథోలిక విశ్వాసి

మా సంప్రదాయం వేరైనా ఒక విషయం పనికివస్తుందేమో చూడండి. పెద్దవారిని చేర్చుకొనే క్రమాన్ని రోము 1972లో పునరుద్ధరించింది. దాని ప్రకారం తగినంత కాలం ఉపదేశం పొంది, సాధారణంగా పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రి జ్ఞానస్నానం తీసుకుంటారు. జ్ఞానస్నానం తరువాత కూడా కొన్ని వారాలు ప్రత్యేక బోధన కొనసాగుతుంది. మీకు ఇబ్బంది వస్తున్నది ఆ తరువాతి కాలంలోనే అనిపిస్తున్నది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చట్టం గురించిన మాటలను పాస్టరు గారి ముందు ఉంచుతాను. కంచరపాలెం అమ్మగారిని ఒక్కటి అడగాలి: బాధ్యత తీసుకున్న కుటుంబమే పెత్తనం చేయడం మొదలుపెడితే ఏం చేస్తారు?

జవాబు: కంచరపాలెం

అది జరిగింది, జరుగుతుంది కూడా. అందుకే ఆరు నెలలకు మించి ఎవరికీ ఆ బాధ్యత ఇవ్వము, ఆ కుటుంబం అప్పు ఇవ్వడం గాని తీసుకోవడం గాని చేయకూడదని ముందే చెబుతాము, కొత్తవారు కారణం చెప్పకుండానే వేరే కుటుంబాన్ని అడగవచ్చు. అలా అడిగినప్పుడు మొదటి కుటుంబం నొచ్చుకుంటుంది. వారితో మాట్లాడవలసినది పాస్టరు గారు, కొత్త విశ్వాసి కాదు.