పాత జీపుల్లో ఏది కొనమంటారు? అనంతపురం వైపు దేనికి సామాన్లు దొరుకుతాయి?

అందరికీ నమస్తే. మాది ఉరవకొండ దగ్గర పల్లె. చీనీ తోటకు పోయే దారంతా నల్లరేగడి. వాన పడిందంటే మామూలు బండి కదలదు. అందుకే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనాలని చూస్తున్నా.

నా మనసంతా మహీంద్రా ఎంఎం 540 మీదే ఉంది. ప్యూజో 2.1 లీటర్ల డీజిల్ ఇంజన్, ముందూ వెనకా కమాన్లే (లీఫ్ స్ప్రింగులు), ఎలక్ట్రానిక్ గొడవ లేదు. మా ఊరి మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. కానీ దానికి పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, డీజిల్ పంపు సామాన్లు ఇప్పటికీ ఒరిజినల్‌వి దొరుకుతున్నాయా? అమ్మకానికి వచ్చిన ఒక బండిలో ప్యూజో తీసేసి మహీంద్రా డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఇంజన్ వేశారు. ఆర్‌సీలో మాత్రం పాత ఇంజన్ నంబరే ఉంది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌ అప్పుడు ఇబ్బంది అవుతుందని నా టెన్షన్.

1298 సీసీ మారుతి జిప్సీ తేలికైన బండి, బురదకు మంచిదే, కానీ పెట్రోలు. పాత మహీంద్రా థార్ సీఆర్‌డీఈకి (ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉండే కామన్ రైల్ డీజిల్ ఇంజన్ బండి) బలం ఎక్కువ. అయితే ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోతే ఇక్కడ చేసేవాళ్లు లేరు.

పొలం పనికి వీటిని వాడుతున్న అన్నలు చెప్పండి. ప్యూజో సామాన్లు అనంతపురం, కర్నూలులో దొరుకుతాయా, బండి సామాన్ల అంగళ్లుండే బెంగళూరు జేసీ రోడ్డుకే పోవాలా?