మెయిల్ పంపకముందే ఏది వెనక్కి వస్తుందో తెలిసే దారి ఉందా?

నరసాపురం లేసు:
మా దగ్గర లేసు కొనే 43 మందికి కొత్త ధరల పట్టిక పంపాలి. పోయినసారి పంపిన కాసేపటికే 9 మెయిళ్లు వెనక్కి వచ్చాయి. చూసుకోలేదు. వాటిలో ఒకటి మా పెద్ద కొనుగోలుదారుది. నాలుగు రోజులకు ఆయన ఫోను చేసి, "ధరలు పంపలేదేమండీ, వేరేచోట తీసుకున్నాను" అన్నారు. ఎవరికి చేరదో ముందే తెలుసుకోవచ్చా? సెలవులో ఉన్నవాళ్ల సంగతి కూడా తెలుస్తుందా?

భీమవరం రొయ్య:
ఎందుకు తెలియదు? మా ఆఫీసులో ఔట్‌లుక్, వెనుక ఎక్స్ఛేంజ్ అనే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వరు. పేరు వేయగానే పైన పట్టీ వస్తుంది: ఈయన మెయిల్‌బాక్స్ నిండింది, ఈయన సెలవులో ఉన్నారు అని. 25 మందికి మించి పంపుతున్నా హెచ్చరిస్తుంది. మెయిల్‌టిప్స్ అంటారు. అది చూడనిదే నేను పంపను.

కడియం నర్సరీ:
నిండిందనీ సెలవనీ చెప్పేది మీ సంస్థ లోపలివాళ్లకే కదండీ. బయటివాడి డబ్బా నిండిందో లేదో మీ సర్వరుకు ఎలా తెలుస్తుంది? నా బాధ వినండి. లారీ బయలుదేరాక మొక్కల జాబితా మెయిల్ చేశాను. ఐడీలో ఒక చుక్క వదిలేశాను. జాబితా లేనిదే సరుకు దించుకోబోమంటూ లారీని రాత్రంతా నిలబెట్టారు. మల్లె అంట్లు సగం వాడిపోయాయి. చుక్క చూసుకోండి, అదే నా సలహా.

అమలాపురం కొబ్బరి:
చుక్క వల్ల కాదు. జీమెయిల్ చుక్కల్ని లెక్కపెట్టదు. ఉన్నా లేకపోయినా ఒకే డబ్బాకు వెళ్తుంది.

కడియం నర్సరీ:
మొక్కలు పోగొట్టుకున్నది నేను. 550 అనే తిరస్కరణ అంకెతో తిరిగి వచ్చింది, ఇప్పటికీ దాచుకున్నాను.

అమలాపురం కొబ్బరి:
అది జీమెయిల్ ఐడీయేనా?

కడియం నర్సరీ:
కాదు, వాళ్ల కంపెనీ సొంత డొమైన్, అంటే @ తర్వాత కంపెనీ పేరే.

అమలాపురం కొబ్బరి:
ఆ ముక్క ముందే చెప్పాలి కదా! చుక్క లెక్కలోకి రానిది వ్యక్తిగత జీమెయిల్‌లోనే. సంస్థలు సొంత డొమైన్‌తో గూగుల్ దగ్గర పెట్టుకున్న ఖాతాల్లో కూడా చుక్క చుక్కే.

కడియం నర్సరీ:
అంటే నేను చెప్పిందే నిజమయింది. "చుక్క వల్ల కాదు" అని తేల్చేసింది మీరు.

సఖినేటిపల్లి రేవు:
వెనక్కి వచ్చినవి మీకు కనిపించాయి, నయం. నేను పంటు ఎక్కాక పంపాను, నది మధ్యలో సిగ్నల్ పోయింది. వెనక్కి రాలేదు కాబట్టి చేరిందనుకున్నాను. మూడో రోజు చూస్తే ఔట్‌బాక్స్‌లోనే ఉంది.

భీమవరం రొయ్య:
బయటివాళ్ల కోసం ఉచితంగా సరిచూసే సైట్లు ఉన్నాయి. మా 600 ఐడీలు ఒకేసారి వేశాను, పది నిమిషాల్లో తేల్చి చెప్పింది.

అమలాపురం కొబ్బరి:
మీ ఖాతాదారులందరి ఐడీలు ముక్కూమొహం తెలియని సైటుకు అప్పగించారా? వాళ్లను అడిగారా? మీ జాబితాలో నా ఐడీ ఉంటే నేను ఊరుకోను.

భీమవరం రొయ్య:
ఐడీ మాత్రమే ఇచ్చాను, బ్యాంకు ఖాతా కాదు. గొంతు తగ్గించండి.

రాజమహేంద్రవరం సర్వరు:
2003 నుంచి మెయిల్ సర్వర్లు నడుపుతున్నాను, చెప్పేది వినండి. ఈ పేరుతో డబ్బా ఉందా అని సర్వరును అడగడానికి వీఆర్ఎఫ్‌వై అనే ఆదేశం ఉంది. స్పామ్ పంపేవాళ్లు దానితో పేర్లు ఏరుకోవడం వల్ల చాలామంది మూసేశారు. ఆ సైట్లు చేసేది వేరు: డొమైన్‌కు ఎమ్ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పేది) ఉందో లేదో చూసి, సర్వరు తలుపు తట్టి, పేరు చెప్పి, ఉత్తరం ఇవ్వకుండానే వెనక్కి వస్తాయి. 550 అంటే సాధారణంగా తిరస్కరణ. 250 అంటే సరేనన్న జవాబు, అయినా డబ్బా ఉన్నట్టు కానక్కర్లేదు. ఏ పేరు రాసినా తీసుకునే డొమైన్లు ఉన్నాయి. మీరే పదే పదే తడితే మీ సర్వరునే అడ్డుకుంటారు. లేసు గారూ, వెనక్కి వచ్చిన వాటిలో అంకెలేమిటో చెప్పండి, మిగతాది తర్వాత.

నరసాపురం లేసు:
ఆరింటిలో 550 5.1.1. ఒకదానిలో 552 5.2.2. రెండింటిలో 550 5.7.26. పెద్ద కొనుగోలుదారుది ఈ చివరి రకం.

రాజమహేంద్రవరం సర్వరు:
మొదటి ఆరు లేని ఐడీలు, జాబితాలోంచి తీసేయండి. 552 నిండిన డబ్బా, ఫోను చేయండి. 5.7.26 మాత్రం వాళ్ల తప్పు కాదండీ, మీ డొమైన్‌దే. మీరు మీరేనని రుజువు లేదని గూగుల్ వెనక్కి నెట్టింది. ఎస్పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ వేసే డిజిటల్ సంతకం) గానీ తప్పనిసరి అని 2024 ఫిబ్రవరి నుంచి నియమం. అవతలి ఐడీని వందసార్లు సరిచూసినా ఇది బయటపడదు.

నరసాపురం లేసు:
మా వెబ్‌సైటు చేసిన అబ్బాయికి ఫోను చేశాను. ఎస్పీఎఫ్ అసలు పెట్టనేలేదట! రాత్రి పెట్టించాను. పొద్దున ఆయన ఒక్కరికే పంపి, ఫోనులో ఉండగానే అడిగాను. వచ్చిందన్నారు. మరి ఆ సెలవుల సంగతి ఎవరూ చెప్పలేదు?

కడియం నర్సరీ:
కొబ్బరి గారూ, చుక్క విషయం తేలింది కదా. మరి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుందా?