మాధ్యమిక తరగతుల్లో ఆన్‌లైన్ పుస్తక చర్చ: లోతు పెంచేదెలా?

ప్రశ్న:
నమస్కారం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలను చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక్కో నవల ఇచ్చి, వారి అభిప్రాయాలను ఆన్‌లైన్‌లో రాయిస్తున్నాను. అయితే చాలామంది "కథ బాగుంది", "నాకూ నచ్చింది" అనడంతోనే సరిపెట్టేస్తున్నారు. వారి దృష్టిని పుస్తకంలోని వాక్యాల మీదికి మళ్ళించడానికి ఏం చేయవచ్చు?

జవాబు 1:
సగం కిటుకు మీరు అడిగే ప్రశ్నలోనే ఉంది. "అధ్యాయం ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది, అదే "ఆ అబ్బాయి ఉత్తరాన్ని తల్లికి చూపకుండా ఎందుకు దాచాడు? మీకలా అనిపించిన వాక్యాన్ని ఎత్తి రాయండి" అంటే, పిల్లలు పుస్తకాన్ని మళ్ళీ తెరవక తప్పదు. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ అనే విద్యా పరిశోధకులు వివరించిన పరస్పర బోధనలోని, అంటే పిల్లలే వంతులవారీగా ఉపాధ్యాయుల పాత్ర తీసుకుని చదివినదాన్ని చర్చించే పద్ధతిలోని, నాలుగు పనులను, అంటే ఊహించడం, ప్రశ్నించడం, అర్థంకానిదాన్ని విడమరచుకోవడం, సారాంశం చెప్పడం, బృందంలో వంతులవారీగా అప్పగించవచ్చు.

జవాబు 2:
పై సూచనతో ఏకీభవిస్తాను. కాకపోతే వంతులను మరీ బిగిస్తే చర్చ కాస్తా హోంవర్క్ అయిపోతుంది. అలాగే ప్రతి వ్యాఖ్యకూ మీరు స్పందించకండి. ఉపాధ్యాయులు కల్పించుకోగానే పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, వారికే జవాబు చెప్పడం మొదలుపెడతారు.

జవాబు 3:
బృందాన్ని బయటివారికి కనబడకుండా పాఠశాల ఖాతాలతోనే నడపండి. చదవడంలోనే తడబడే పిల్లల మౌనాన్ని బద్ధకంగా లెక్కించవద్దు. వారికి గొంతు రికార్డు చేసి పంపే వీలు కల్పించండి.