కథ చెప్పమంటే ఉపన్యాసం ఇస్తున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం మేడమీద నుంచి)

విజయవాడ సత్యనారాయణపురంలో నాటకాల రిహార్సల్స్‌కి వాడే చిన్న హాలు ఒకటుంది. మేడమీద, ఓ యాభై ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం అక్కడ కథలు చెప్పిస్తున్నాం. కల్పించినవి కాదు, ఎవరి బతుకులో జరిగింది వాళ్ళు నిలబడి చెప్పాలి. కాగితం చూసి చదవకూడదు. న్యూయార్క్‌లో 1997లో జార్జ్ డాస్ గ్రీన్ అనే నవలా రచయిత మొదలుపెట్టిన 'ది మాత్' పద్ధతి ఇది. వాళ్ళ పోటీ సాయంత్రాల్లో అంశం ముందే చెప్తారు, ఎవరు చెప్పాలో అక్కడికక్కడ చీటీ తీస్తారు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మేమూ అలాగే చేస్తున్నాం.

జనానికి కొదవ లేదు. బాధల్లా, మైకు చేతికి రాగానే మనిషి మారిపోతున్నాడు. కింద టీ తాగుతూ నాకు చెప్పిన సంగతే పైకెక్కాక "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలై, నేటి యువత మీదికి పోయి, ఒక పద్యంతో ముగుస్తోంది.

పోయిన నెల అంశం 'నీళ్ళు'. సింగ్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చిన సంగతి చెప్తానన్నారు. పైకెక్కి, కట్టకు పడ్డ గండ్లు, ఆక్రమణలు, అధికారుల బాధ్యత, వీటితోనే టైము అయిపోయింది. అన్నీ నిజమే, పేపర్లో మేం చదివినవే. తర్వాత మెట్ల దగ్గర చెప్పులేసుకుంటూ అన్నారు: "ఆదివారం కదండీ, ఇడ్లీకి రుబ్బి పెట్టా. నీళ్ళు గుమ్మం దాటుతుంటే నేను ముందు అటకెక్కించింది ఆ పిండి గిన్నె. ఇంటి కాగితాలు కాదు. రెండో రోజుకి అది పులిసి పొంగి గోడమ్మట కారుతుంటే, కింద నడుంలోతు నీళ్ళు, పైన ఆ వాసన. మా ఆయన పిండి తుడుస్తూ ఏడ్చాడు."

ఇది మైకు ముందు ఎందుకు రాలేదు? రావాలంటే నేనేం చెయ్యాలి?

జవాబు (గుంటూరు, పరిషత్తు నాటికల వెనక లైట్లు సర్దేవాణ్ణి)

అమ్మా, లోపం ఆవిడది కాదు, గదిది. మైకు ముందు నిలబడ్డ మనుషుల్ని మనం ఎక్కడ చూశాం? వర్ధంతి సభల్లో, పుస్తకావిష్కరణల్లో, సన్మానాల్లో. ఆ సరంజామా కనిపిస్తే నోరు దానంతటదే సభలో మాటలు మాట్లాడుతుంది.

మీ హాల్లో పోడియం ఉంటే ముందు దాన్ని బయట పెట్టించండి. అది ఉంటే రెండు చేతుల్తో దాని అంచులు పట్టుకుంటారు, పట్టుకున్నారంటే ఇక ఉపన్యాసమే. వేదిక మీద ఒక్క కుర్చీ కూడా ఉండకూడదు. ముఖ్య అతిథి వద్దు, జ్యోతి ప్రజ్వలన వద్దు, శాలువా అసలే వద్దు. ఫ్లెక్సీ తీసి నల్లగుడ్డ కట్టండి. మైకుని స్టాండుకి పెట్టి ఆవిడ ఎత్తుకి దించండి. చేతులు ఖాళీగా ఉంటే ఆ గిన్నె ఎంతుందో, ఎలా ఎత్తారో చేతులే చూపిస్తాయి. ట్యూబులైట్లు ఆర్పి చెప్పేవాళ్ళ మీద ఒక్క లైటు వెయ్యండి, కానీ ముందు రెండు వరసల ముఖాలు ఆవిడకి కనపడాలి. హాలంతా చీకటి చేసేస్తే కొత్తవాళ్ళు బెదిరిపోయి గాల్లోకి మాట్లాడతారు. ఇది నాటకాల్లో నటులకే జరుగుతుంది.

మా గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి బుర్రకథ గురించి వినే ఉంటారు. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంతపాడేవాళ్ళిద్దరు, ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు రాజకీయం. ఆ ఇద్దరూ కేవలం తాళానికి లేరు. జనం తరఫున ఆశ్చర్యపోతారు, అడ్డం వస్తారు, "ఆ తర్వాత?" అంటారు. కథని ముందుకు తోసేది వాళ్ళే. మెట్ల దగ్గర ఆవిడకి వంత మీరు. పైన ఎవరూ లేరు. కాబట్టి ముందు వరస మధ్యలో బాగా ఊ కొట్టే మనిషిని కూర్చోబెట్టి, "వాళ్ళకి చెప్పండి, హాలుకి కాదు" అని ఆవిడతో అనండి.

చీటీల పద్ధతి కొన్నాళ్ళు ఆపండి. పేర్లు ముందే తీసుకుని, రెండు రోజుల ముందు ఫోన్లో ఒకసారి చెప్పించుకోండి. దిద్దొద్దు, ఊరికే అడగండి: చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, అప్పుడు టైమెంత. "ఆ రోజుల్లో కాలవకి వెళ్ళేవాళ్ళం, ఈత కొట్టేవాళ్ళం" అన్నంతసేపూ కథ గుమ్మంలోనే ఉంటుంది. "ఒకరోజు వెళ్ళాం" అన్నాక లోపలికొస్తుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం గట్టిగా అనుకుని రమ్మనండి. మధ్యది బట్టీ పట్టిస్తే చచ్చిపోతుంది.

ఐదు నిమిషాలు మాత్రం మనకి చాలవని నా గట్టి నమ్మకం. పిట్టకథ చెప్పి మళ్ళీ అసలు కథలోకి వచ్చే హరికథలు విన్న చెవులు మనవి. ఎనిమిదివ్వండి. టైమయితే గంట కొట్టకండి, పక్కన ఎవరిచేతనైనా తంబుర మీటించండి. మాట తెగదు, మనిషికి తెలుస్తుంది.

జవాబు (పటమట నుంచి)

పై ఆయన చెప్పినవన్నీ నిజమే. ఇంకో భయం కూడా ఉందండీ, ఆడవాళ్ళకి మరీను. నేను మా అత్తగారి చివరి రోజుల గురించి ఇలాంటి చోటే చెప్పాను. మూడో వరసలో మా ఆడపడుచు. ముందే ఆవిడకి మొత్తం చెప్పి, "ఈ ముక్క వద్దొదినా" అన్నది తీసేసి చెప్పా కాబట్టి నోరు వచ్చింది, లేకపోతే నేనూ మానవ సంబంధాల మీద మాట్లాడి దిగేదాన్ని. ఉపన్యాసంలో ఎవరి పేరూ రాదు కదా, అందుకే అందరూ దాని చాటుకి పోతారు.

ఇంటిపేర్లు చెప్పొద్దని మీరే ముందు అనండి. మన వైపు ఇంటిపేరు చెప్తే ఊరు, కులం, చుట్టరికం అన్నీ చెప్పినట్టే. ఫోన్లు బయటికి తియ్యనివ్వకండి. ఆ పిండి తుడుస్తూ ఏడ్చిన పెద్దాయన మర్నాడు రీల్‌లో కనపడితే ఆవిడ జన్మలో మళ్ళీ మెట్లెక్కదు. ఆయన్ని అడిగారా అసలు?

జవాబు (తెనాలి)

పద్యాలు మొత్తం వద్దనకండి, దయచేసి. మా నాన్న మిల్లు మూసేసిన రోజు గేటు ముందు నిలబడి ఒక పౌరాణిక పద్యం రాగం తీసి పాడాడు. నేను ఆ కథ చెప్తే పద్యం పాడకుండా ఎలా చెప్పను? ఆ రోజు జరిగిందయితే ఉండనివ్వండి. ముగింపుకి అలంకారంగా తెచ్చి అతికిస్తేనే తీసెయ్యండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. హాలు వాళ్ళతో మాట్లాడాను, పోడియం కింద గదిలో పెట్టిస్తామన్నారు. ఫ్లెక్సీ ఈసారి కొట్టించడం లేదు. ఎనిమిది నిమిషాలైతే ఎక్కువమందికి కుదరదు, ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిది లోపు అయిపోవాలి, కంకిపాడు వైపు బస్సెక్కాల్సిన వాళ్ళున్నారు.

పటమట వారూ, ఆ పెద్దాయన్ని అడగలేదు, మీరు అన్నాకే తట్టింది. ఆవిడకి ఫోన్ చేశాను. ఆయన పక్కనే ఉన్నారు, "చెప్పమనండి, పేరు వద్దు" అన్నారు, తనూ వస్తానన్నారు. ఆయన్నే ముందు వరస మధ్యలో కూర్చోబెట్టొచ్చా, లేక ఆయన్ని చూస్తే ఆవిడ తడబడతారా? గుంటూరు వారూ, ఇది మీరే చెప్పాలి. తంబుర మీటేవాళ్ళు బెజవాడలో తెలిసినవాళ్ళుంటే అదీ చెప్పండి.