గ్యాలరీ సైట్‌లో క్యాష్ ఫోల్డర్ 14 జీబీ అయింది, మొత్తం డిలీట్ చేసేయొచ్చా?

పాతపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పాత ఫొటోల గ్యాలరీ సైట్ ఒకటి నడుపుతున్నాను. సభ్యులు ఇళ్లల్లో వెతికి స్కాన్ చేసి పంపినవి 11,400 ఫొటోలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఇప్పుడు ప్రింట్ కూడా లేదు. సర్వర్ డిస్క్ 40 జీబీ. ఒరిజినల్స్ 19 జీబీ, సిస్టమ్, డేటాబేస్ అన్నీ కలిపి ఓ 4 జీబీ. మిగిలింది క్యాష్ అనే ఫోల్డర్, అదొక్కటే 14 జీబీ! మొన్న సాయంత్రం డిస్క్ పూర్తిగా నిండిపోయింది. నిండినట్టు నాకెవరూ చెప్పలేదు, ఒక సభ్యుడు "మా పెద్దమ్మ పెళ్లి ఫొటో సగమే కనిపిస్తోందండీ" అని రాస్తే అప్పుడు చూశాను. పై వరసలో నిలబడ్డవాళ్లు బాగానే ఉన్నారు, కింద కూర్చున్నవాళ్లు ఉండాల్సిన చోట అంతా బూడిద రంగు. పాత లాగ్ ఫైళ్లు తీసేసి 1 జీబీ ఖాళీ చేశాను, అయినా ఆ ఫొటో అలాగే ఉంది. ఆ క్యాష్ ఫోల్డర్ మొత్తం లేపేస్తే ఏమైనా పోతుందా? ఇంకోటి, 19, 14, 4 కలిపితే 37 కదా, మిగతా 3 జీబీ ఏమైంది? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నీలిదారి

ముందు మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏమిటో చెప్పండి, ఎందుకంటే "క్యాష్" (ప్రతిసారీ కొత్తగా తయారుచేయకుండా దాచుకునే కాపీలు) అని పేరున్నంత మాత్రాన అన్ని చోట్లా ఒకటి కాదు. జెన్‌ఫోటో, పివిగో లాంటి రెడీమేడ్ గ్యాలరీ సాఫ్ట్‌వేర్లలో చిన్న సైజు బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, పోయినా మళ్లీ తయారవుతాయి. కాపర్‌మైన్‌లో అలా కాదు, ఒరిజినల్ పక్కనే అదే ఫోల్డర్‌లో పేరు ముందు థంబ్ అనీ నార్మల్ అనీ చేర్చి ఉంటాయి, అక్కడ ఫోల్డర్ లేపేస్తే ఒరిజినల్స్ కూడా పోతాయి. అందుకని డిలీట్ నొక్కే ముందు ఒక్క ఫైల్ మీద ప్రయత్నించండి: క్యాష్‌లోంచి ఒక బొమ్మ పేరు మార్చి, బ్రౌజర్ ప్రైవేట్ విండోలో ఆ పేజీ తెరవండి. బొమ్మ మళ్లీ తయారైతే అది నిజంగా క్యాష్.

3 జీబీ సంగతి: మీ డిస్క్ ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లని డిస్క్‌లో అమర్చే పద్ధతి) అయితే మామూలుగా 5 శాతం రూట్ యూజర్ (సర్వర్ అడ్మిన్) కోసం పక్కన పెట్టేస్తుంది. 40లో అది 2 జీబీ. మిగతాది ఫైల్ సిస్టమ్ తన లెక్కల కోసం వాడుకునేది, కంగారేమీ లేదు.

పాతపెట్టె

సాఫ్ట్‌వేర్ రెడీమేడ్ కాదండీ, చాలా ఏళ్ల కింద స్నేహితుడు రాసిచ్చాడు. మీరు చెప్పినట్టే ఒక ఫైల్ పేరు మార్చి చూశాను, మళ్లీ తయారైంది. క్యాష్‌లో ఫైళ్లు లెక్కపెడితే 2,90,000 వచ్చాయి. పేర్లన్నీ ఫొటో నంబర్, దాని పక్కన వెడల్పు, ఇలా ఉన్నాయి.

సర్వర్‌గది

ఆ లెక్కలోనే జవాబు ఉంది. 2,90,000ని 11,400తో భాగించండి, ఒక్కో ఫొటోకి దాదాపు 25 ఫైళ్లు. ఏ గ్యాలరీకైనా గ్రిడ్‌కి (చిన్న బొమ్మలు వరసగా కనిపించే పేజీకి) ఒకటి, ఫోన్‌కి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి, పెద్ద తెరకి ఒకటి, నాలుగు సైజులు చాలు. 25 ఎక్కడినుంచి వచ్చాయి? నా అంచనా, మీ స్నేహితుడి కోడ్ యూఆర్ఎల్‌లో (బొమ్మ వెబ్ చిరునామాలో) ఏ వెడల్పు అడిగితే ఆ వెడల్పు బొమ్మ తయారుచేసి దాచేస్తోంది, పేజీలోని స్క్రిప్ట్ చూసేవాళ్ల తెర వెడల్పు కొలిచి అదే అడుగుతోంది. ఫోన్లలోనే 360, 375, 390, 393, 412, 414, ఎన్ని రకాలో. 390కీ 393కీ కంటికి తేడా తెలియదు, డిస్క్‌కి మాత్రం అవి రెండు ఫైళ్లు. పైగా కంప్యూటర్‌లో విండో కొంచెం లాగితే ఇంకో వెడల్పు, ఇంకో ఫైల్. ఎవరైనా కావాలని 1 నుంచి 3000 వరకు వరసగా అడిగారంటే ఒక్క రాత్రిలో మీ డిస్క్ నింపగలరు, అది భద్రత విషయం కూడా.

కాబట్టి మొత్తం లేపేస్తే ఇవాళ్టికి ఖాళీ అవుతుంది, కొన్నాళ్లకి మళ్లీ ఇక్కడికే వస్తారు. ముందు కోడ్ మార్చండి. 240, 480, 960, 1600, ఈ నాలుగే ఉంచి, ఎవరు ఏది అడిగినా దానికి పైనున్న సైజు ఇవ్వండి. 393 అడిగితే 480. 1600 దాటి అడిగినా 1600కే ఆపండి. ఇది నాలుగైదు లైన్ల పని, మీరు చేయలేకపోతే ఆ ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.

సగం ఫొటో సంగతి వేరు. డిస్క్ నిండినప్పుడు బొమ్మ రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయింది, ఫైల్ మాత్రం ఉండిపోయింది. కోడ్ "ఫైల్ ఉందా?" అని మాత్రమే చూస్తుంది, "పూర్తిగా ఉందా?" అని చూడదు. అందుకే ఎంత ఖాళీ చేసినా అదే సగం బొమ్మ ఇస్తుంది. ఆ సాయంత్రం తయారైన క్యాష్ ఫైళ్లన్నీ, సున్నా బైట్లు ఉన్నవన్నీ తీసేయండి. కోడ్‌లో కూడా బొమ్మని ముందు తాత్కాలిక పేరుతో అదే డిస్క్‌లో రాయించి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టించండి, అప్పుడు సగం ఫైల్ ఎవరికీ కనపడే అవకాశమే ఉండదు.

చిత్రకూర్పు

ఒరిజినల్స్ కూడా 1600 పిక్సెల్స్‌కి తగ్గించేయండి, 19 జీబీ కాస్తా 4, 5కి దిగుతుంది. సైట్‌లో ఎవరూ అంతకన్నా పెద్దది చూడరు కదా. నేను నా సైట్‌లో అదే చేశాను.

నీలిదారి

దయచేసి ఈ ఒక్క పని చేయకండి. ప్రింట్లు కూడా లేవని ఆయనే చెప్పారు, అంటే ఇప్పుడు ఆ స్కానే అసలు ఫొటో. గ్రూప్ ఫొటోలో వెనక వరసలో ఉన్న ఒక ముఖాన్ని రేపు ఎవరో పెద్దది చేసి చూడాలనుకుంటారు, 1600కి తగ్గించాక అది నాలుగు చుక్కలే. క్యాష్ ఎన్నిసార్లు పోయినా తయారుచేసుకోవచ్చు, ఒరిజినల్ అలా కాదు. డిస్క్ చాలకపోతే ఒరిజినల్స్‌ని ఇంకో డిస్క్‌కి మార్చండి. చిన్న సైజులని జేపెగ్ బదులు వెబ్‌పీ అనే ఫార్మాట్‌లో తయారుచేస్తే అక్కడ కూడా పావు వంతు దాకా చోటు ఆదా అవుతుంది, చూసే నాణ్యతలో తేడా తెలియదు.

పాతపెట్టె గారూ, డిస్క్ నిండిన సాయంత్రం అప్‌లోడ్ అయిన ఒరిజినల్స్ కూడా ఒకసారి తెరిచి చూడండి. క్యాష్ ఫైల్ సగంలో ఆగినట్టే అవి కూడా ఆగి ఉండొచ్చు. పంపినవాళ్ల దగ్గర ఇంకా ఫైల్ ఉండగానే అడిగి తెప్పించుకోవాలి.

చిత్రకూర్పు

నిజమే, మీరు చెప్పాక ఆలోచిస్తే నావి మామూలు ఫోన్ ఫొటోలు, ఆయనవి వేరు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో సలహా, 60 రోజులుగా ఎవరూ చూడని క్యాష్ ఫైళ్లని రోజూ రాత్రి తీసేసే క్రాన్ జాబ్ (చెప్పిన టైమ్‌కి దానంతటదే నడిచే పని) పెట్టండి. నాకది బాగా పనిచేస్తోంది.

సర్వర్‌గది

మంచి పద్ధతే కానీ ఒక్కటి చూసుకోవాలి. ఫైల్‌ని చివరిసారి చదివిన సమయం, లినక్స్‌లో డిస్క్ సెట్టింగ్ రిల్‌ఎటైమ్ మీద ఉంటే, దాదాపు రోజుకోసారి నమోదవుతుంది, 60 రోజుల లెక్కకి అది చాలు. డిస్క్‌ని నోఎటైమ్ అనే సెట్టింగ్‌తో మౌంట్ చేసి (సిస్టమ్‌కి కలిపి) ఉంటే మాత్రం అసలు నమోదవదు, అప్పుడు రోజూ చూసే ఫొటోలు కూడా "ఎవరూ చూడనివి" అయిపోయి రాత్రికి రాత్రి ఎగిరిపోతాయి, పొద్దున్నే అన్నీ ఒకేసారి తయారుచేయలేక సర్వర్ మూలుగుతుంది.

ఇదే కారణంతో మొత్తం ఒకే దెబ్బకి లేపేయొద్దంటున్నాను. ఫైల్ పేరులో వెడల్పు ఉందన్నారు కాబట్టి పని తేలికే: ఆ నాలుగు వెడల్పులు కానివన్నీ తీసేయండి. స్టార్ (అన్ని ఫైళ్లూ అనే గుర్తు) పెట్టి ఆర్ఎం అనే డిలీట్ కమాండ్ కొడితే లక్షల పేర్లు కమాండ్‌లో పట్టక ఎర్రర్ వస్తుంది, ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌తో చేయండి. మొదట డిలీట్ లేకుండా పేర్లు మాత్రం ప్రింట్ చేయించి, ఆ జాబితాలో ఒరిజినల్స్ ఫోల్డర్ దారి ఒక్కటి కూడా లేదని కళ్లతో చూసుకున్నాకే డిలీట్ చేర్చండి. ఆ తర్వాత 240 సైజువి రాత్రిపూట నెమ్మదిగా ముందే తయారుచేయించండి, గ్రిడ్ పేజీ తెరిస్తే ఒకేసారి 50, 60 కావాల్సినవి అవే. మిగతా మూడు సైజులు ఎవరైనా అడిగినప్పుడు తయారైతే చాలు.

బ్యాకప్‌లో క్యాష్ కూడా వెళ్తోందా? వెళ్తుంటే ఆర్‌సింక్‌లో (బ్యాకప్‌కి ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్‌లో) ఆ ఫోల్డర్‌ని మినహాయించండి.

పాతపెట్టె

అందరికీ ధన్యవాదాలు, నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సర్వర్‌గది గారు చెప్పినట్టే, స్క్రిప్ట్ తెర వెడల్పునే అడుగుతోంది. ఆయనే ఫంక్షన్ సరిచేసి ఇచ్చారు. ఫైండ్‌తో తీసేశాక 14 జీబీ కాస్తా 2 జీబీ లోపుకి వచ్చింది, 240 సైజువన్నీ రెండు రాత్రుల్లో తయారయ్యాయి. బ్యాకప్‌లో కూడా క్యాష్ వెళ్తోంది, ఆపేశాను. డిస్క్ 80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా పెట్టాను.

నీలిదారి గారు, మీరు చూడమన్నందుకు చూశాను, ఆ సాయంత్రం వచ్చిన ఒరిజినల్స్‌లో మూడు నిజంగానే సగంలో ఆగిపోయాయి. ముగ్గురికీ రాశాను, రెండు మళ్లీ వచ్చాయి, మూడో ఆవిడ ఊళ్లో లేరట, వచ్చాక పంపుతానన్నారు.

ఒక్కటి మాత్రం మిగిలింది. పెళ్లి ఫొటో నాకు పూర్తిగా కనిపిస్తోంది, ఆయనకి మాత్రం ఇంకా సగమే అంటున్నారు.

సర్వర్‌గది

ఆయన బ్రౌజర్‌లో పాత సగం బొమ్మ దాగి ఉంది. మీ సర్వర్ బొమ్మతో పాటు బ్రౌజర్‌కి పంపే సూచనల్లో, అంటే హెడర్‌లో, మ్యాక్స్ ఏజ్ (ఎంతకాలం దాచుకోవచ్చో) 31536000 ఉంది చూడండి, అవి సెకన్లు, అంటే ఏడాది పాటు మళ్లీ అడగక్కర్లేదని బ్రౌజర్‌కి మీరే చెప్పారు. ఆ హెడర్ మంచిదే, తీయకండి. బొమ్మల యూఆర్ఎల్ చివర వెర్షన్ నంబర్ ఒకటి చేర్చండి, బ్రౌజర్ దాన్ని కొత్త ఫైల్ అనుకుని మళ్లీ తెచ్చుకుంటుంది.

పాతపెట్టె

చేర్చాను. పది నిమిషాల్లో ఆయన నుంచి మెయిల్ వచ్చింది. కింద వరసలో కూర్చున్న పిల్లల్లో ఎడమ నుంచి రెండోది వాళ్ల అమ్మట.