తిమింగలాల వేట ఓడలకు అడ్డం పడటం న్యాయమా, సముద్రపు దోపిడీయా?

ఉప్పుగాలి
పాల్ వాట్సన్ పేరు చాలామంది వినే ఉంటారు. తిమింగలాల వేటను సముద్రంలోనే అడ్డుకునే సీ షెపర్డ్ సంస్థను 1977లో మొదలుపెట్టిన మనిషి. 2024 జులై 21న డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌లోని నూక్ రేవులో ఇంధనం కోసం ఆగితే పోలీసులు ఓడెక్కి బేడీలు వేశారు. 2010లో అంటార్కిటిక్ సముద్రంలో జపాన్ వేట ఓడ మీద జరిగిన దాడిలో ఆయన చెయ్యి ఉందని జపాన్ వారెంట్. 149 రోజులు లోపల ఉంచి, చివరికి డిసెంబరు 17న డెన్మార్క్ ఆయన్ని జపాన్‌కు అప్పగించబోమని వదిలేసింది.

నా ప్రశ్న సూటిగానే అడుగుతాను. వేట ఓడ ప్రొపెల్లర్‌కు తాళ్లు చుట్టుకునేలా చేయడం, డెక్ మీదకు కంపుకొట్టే సీసాలు విసరడం, ఓడకు ఓడ అడ్డం పెట్టడం... ఇవి న్యాయమేనా? చట్టం ఒప్పుకుంటుందా? రెండూ ఒకటి కావు, అందుకే రెండూ అడుగుతున్నా.

నిప్పుకణిక
న్యాయమే. ఇందులో ఆలోచించడానికి ఏముంది? వాణిజ్య వేట ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో ఓటేసింది, 1986 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే జపాన్ "పరిశోధన" అంటూ అంటార్కిటిక్‌కు ఓడలు పంపింది. 1946 నాటి తిమింగలాల వేట ఒప్పందంలో ఎనిమిదో అధికరణం ఒకటుంది, శాస్త్ర పరిశోధనకైతే పర్మిట్ ఇచ్చుకోవచ్చని. ఆ సందులోంచి దూరారు. 2005 నుంచి ఏడాదికి 850 దాకా మింకీ అనే చిన్న రకం తిమింగలాలు టార్గెట్. చంపి, కొలిచి, మాంసం మార్కెట్‌కు.

2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12-4 ఓట్లతో ఏం చెప్పింది? ఇది పరిశోధన కోసం అనలేమని చెప్పింది. సుమారు 3,600 మింకీలను చంపాక సమీక్షకు నిలబడిన వ్యాసాలు రెండు చూపించారు. రెండు! ఇలాంటి వాళ్లకు అడ్డం పడితే తప్పా?

ఊరికే_వచ్చా
కోడి తినేవాళ్లు తిమింగలం గురించి ఏడవడం చూస్తే నవ్వొస్తుంది.

రెండోమేటు
ఇరవై రెండేళ్లు ఓడల మీద బతికినవాణ్ణి. ఆ 3,600 సంగతి మేడమ్ చెప్పింది నిజమే, కాదనను. నేను అడిగేది వేరే.

ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుంటే ఏమవుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు. ఓడ ఆగిపోతుంది అంతే అనుకుంటారు. అంటార్కిటిక్‌లో ఆగిపోయిన ఓడ అంటే డబ్బా. చుట్టూ మంచు, నీళ్లు దాదాపు సున్నా డిగ్రీలు, పడితే నిమిషాల్లో చేతులు పనిచేయవు. గాలికి ఓడ అలకు పక్కకు తిరుగుతుంది. సాయం రావాలంటే రోజులు పడుతుంది. సీసాలో ఉన్నది బ్యుటిరిక్ యాసిడ్, కుళ్లిన వెన్న కంపు, ఏమీ కాదంటారు. కంట్లో పడితే ఏమీ కాదా?

ఢీకొనకుండా ఉండే నియమాలు 1972 నుంచి ఉన్నాయి. అందులో "మంచి ఉద్దేశం ఉన్న ఓడకు మినహాయింపు" అని నేను ఎక్కడా చదవలేదు.

నల్లకోటు
చట్టం వరకే మాట్లాడతాను. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 101వ అధికరణం ప్రకారం పైరసీ, అంటే సముద్రపు దోపిడీ, ఇది: బహిరంగ సముద్రంలో, ఒక ప్రైవేటు ఓడ వాళ్లు మరో ఓడ మీద, ప్రైవేటు ప్రయోజనం కోసం చేసే అక్రమ హింస. మొత్తం గొడవ ఆ "ప్రైవేటు ప్రయోజనం" దగ్గరే ఉంది. డబ్బు కోసమా, లేక ప్రభుత్వం తరఫున కానిదేదైనా ప్రైవేటేనా?

2013 ఫిబ్రవరిలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రెండో అర్థమే తీసుకుంది. సొంత నైతిక నమ్మకం కోసం చేసినా అది ప్రైవేటు ప్రయోజనమేనని. జడ్జి కోజిన్‌స్కీ తీర్పు మొదట్లోనే, పైరేట్ అనిపించుకోవడానికి కొయ్యకాలు, కంటికి గంత అక్కర్లేదన్నాడు. బెల్జియం కోర్టు 1986లోనే ఇలాంటి మాట అంది, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కేసులో. కాబట్టి చట్టం దృష్టిలో ఇది పైరసీ.

నిప్పుకణిక
ఒక అమెరికా కోర్టు అంటే ప్రపంచ చట్టమా? 2013లోనే ప్రిరజ్లొమ్నాయా చమురు ప్లాట్‌ఫారం దగ్గర గ్రీన్‌పీస్ ఓడలోని 30 మందిని రష్యా పట్టుకుని మొదట పైరసీ అనే అంది. నిలబడదని తెలిసి "రౌడీయిజం" కేసుగా మార్చుకుంది. దాని మాటేంటి?

నల్లకోటు
అక్కడ దాడి జరిగింది ఓడ మీద కాదు, ప్లాట్‌ఫారం మీద. 101లో "మరో ఓడ" అని ఉంది. పోలిక కుదరదు.

నిప్పుకణిక
ఇంకో సందు దొరికింది మీకు.

నల్లకోటు
సందు కాదండి, వాక్యం. చదవండి.

ఊరికే_వచ్చా
ఇంతకీ పైరసీయా కాదా? ఒక్క మాటలో.

నల్లకోటు
తొమ్మిదో సర్క్యూట్ ప్రకారం అవును.

గవ్వలమూట
సీ షెపర్డ్ వాళ్ల పడవ అడీ గిల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2010 జనవరి 6. జపాన్ ఓడ షోనన్ మారు 2 ఆ చిన్న పడవ ముక్కును కత్తితో కోసినట్టు కోసేసింది. వీడియో అందరూ చూశారు. మరి పైరేట్లు ఎవరు?

రెండోమేటు
వీడియో చూసే చెబుతున్నా. పడవ కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది, చివరి క్షణంలో వెనక నురుగు లేస్తుంది చూడండి, ముందుకు కదిలింది. అలాగని జపాన్ ఓడ దారి మార్చలేదా, మార్చింది, అటువైపే మార్చింది. న్యూజిలాండ్ సముద్ర భద్రత సంస్థ దర్యాప్తులో ఇద్దరు కెప్టెన్లదీ తప్పేనని తేలింది. నేనూ అదే అంటాను. ఆరుగురు బతికి బయటపడటం వాళ్ల అదృష్టం.

ఇంకో మాట. ఆ పడవను ఢీకొన్న దెబ్బ ముంచలేదని, వాట్సన్ చెప్తేనే కావాలని ముంచామని దాని కెప్టెన్ పీట్ బెతూనే తర్వాత బయటపెట్టాడు. వాట్సన్ కాదన్నాడు. ఎవరిది నిజమో మీరే తేల్చుకోండి.

గవ్వలమూట
వెనక నురుగు నాకు కనపడలేదు.

రెండోమేటు
స్లోలో పెట్టి చూడండి.

గవ్వలమూట
పెట్టాను. అల అది.

రెండోమేటు
అల కాదు బాబూ, ప్రొపెల్లర్ నురుగు. జీవితమంతా అదే చూశాను.

*(దీని మీద ఇద్దరూ ఇంకో పదకొండు పోస్టులు రాసుకున్నారు. వాటిని వేరే థ్రెడ్‌లోకి మార్చాను. - ఉప్పుగాలి)*

నిప్పుకణిక
నురుగు గొడవ ముగిస్తే అసలు లెక్క చూద్దాం. 2011 ఫిబ్రవరిలో వేట మధ్యలో ఆపేసి జపాన్ ఓడలు ఇంటిదారి పట్టాయి. ఆ సీజన్‌లో పట్టింది 172. 2012-13లో 103 మింకీలు. టార్గెట్ 850 అని మర్చిపోవద్దు. ఏ రాయబారి, ఏ తీర్మానం మిగిల్చింది ఆ ప్రాణాల్ని? నాలుగు తుప్పు ఓడలు, జీతం లేని కుర్రాళ్లు.

నల్లకోటు
2014 తీర్పు తర్వాతి సీజన్‌లో అంటార్కిటిక్‌లో పట్టిన తిమింగలాల సంఖ్య తెలుసా? సున్నా. సీసాలు విసిరితే 103 దాకా తగ్గింది, కోర్టుకు వెళితే సున్నా అయింది. ఏది పనిచేసింది?

నిప్పుకణిక
ఆ మరుసటి ఏడాది కూడా చెప్పండి మరి! 2015 అక్టోబరులో జపాన్ ఏం చేసింది? సముద్ర జీవుల కేసుల్లో ఆ కోర్టు పరిధికి ఒప్పుకోమని కాగితం పంపింది. ఆ ఏడాది చివర్లో కొత్త పేరుతో 333 మింకీలకు ఓడలు బయల్దేరాయి. కోర్టు తలుపు వేసేసి మళ్లీ వేటకు వెళ్లారు. ఇదీ మీ సున్నా.

నల్లకోటు
2019 నుంచి అంటార్కిటిక్‌లో వేట లేదు. జపాన్ కమిషన్ నుంచి బయటికొచ్చి తన జలాల్లోనే పడుతోంది.

నిప్పుకణిక
తన జలాల్లో! 2024లో కొత్త మదర్ షిప్ కాంగెయ్ మారు దించి ఫిన్ తిమింగలాలు కూడా జాబితాలో కలిపారు. శతాబ్దంలో దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపిన పరిశ్రమ ఇది, దానికి మర్యాద నేర్పిస్తున్నారా మాకు? రెండోమేటు గారి సంగతైతే నాకు అర్థమైంది. ఓడ కంపెనీ జీతం తిన్న నోరు ఓడ కంపెనీ మాటే మాట్లాడుతుంది.

రెండోమేటు
అమ్మా, ఆ మాట అనేముందు ఒక్క నిమిషం ఆగాల్సింది.

పన్నెండేళ్ల కిందట. ఏ ఓడ, ఏ కంపెనీ అని చెప్పను. తిమింగలాలతో సంబంధం లేదు, మేం మోసే సరుకు మీద ఎవరికో కోపం. రాత్రి పన్నెండు నుంచి నాలుగు వాచ్ నాది. ఓడ పొడవు రెండు వందల మీటర్లు. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, నిలబడితే ముక్కు ముందు కొంత దూరం మాకు నీళ్లే కనపడవు. లైట్లు ఆర్పేసిన రబ్బరు పడవ ఒకటి ఆ కనపడని చోటికి వచ్చింది. రాడార్‌లో చుక్క వచ్చి పోయింది. ఇంజిన్ ఆపమన్నాను. అంత ఓడ ఆపమన్నంత మాత్రాన ఆగుతుందా? పడవ ముందుకు పోయింది, మళ్లీ కనపడలేదు. నలభై సెకన్లో, యాభయ్యో, నాకు తెలియదు. నేను లెక్కపెట్టింది నా జీవితంలో ఎన్నో ఏళ్లనిపించింది.

ఎడమవైపు తేలారు. నవ్వుతున్నారు. వాళ్లలో ఒకడికి ఇరవై కూడా ఉండవు. మర్నాడు వీడియో వచ్చింది, "ఓడ మమ్మల్ని తొక్కించబోయింది" అని. కంపెనీ వాళ్లు వీడియో చూసి నన్నే అడిగారు, నువ్వేం చేశావని. మీరన్న ఆ జీతం, తర్వాత ఏడాదిన్నర రాలేదు నాకు.

నాకు తిమింగలం మీద పగ లేదు. వాడు చచ్చిపోయి ఉంటే చంపింది నేను అయ్యేవాణ్ణి. వాడి నమ్మకం కోసం. ఇదీ నా బాధ.

గవ్వలమూట
...సారీ సార్.

నిప్పుకణిక
జీతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు.

కానీ నా వాదన వెనక్కి తీసుకోను. మీరు రాత్రి సంగతి చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. మా నాన్నకు పనిచేసే చోట యంత్రంలో పడి కుడిచెయ్యి పోయింది. కేసు వేశాం. గెలిచాం. పరిహారం ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది, సీలు కూడా ఉంది. ఇచ్చేవాళ్లు ఇవ్వలేదు. ఎవరూ ఇప్పించలేదు. ఆరేళ్లు తిరిగి నాన్న పోయారు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

అందుకే ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు కథ చదివినప్పుడు నిద్రపట్టలేదు నాకు. 2008లో జపాన్ కంపెనీని తమ అభయారణ్య జలాల్లో వేటాడొద్దని ఆదేశించింది. ఓడలు వస్తూనే ఉన్నాయి. 2015లో కోర్టు ధిక్కారం కింద పది లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా. ఆ ఏడాది కూడా ఓడలు బయల్దేరాయి. తీర్పు ఉంది, ఆపే చెయ్యి లేదు. ఆ చెయ్యి ఎవరిదైనా సరే నాకు.

రెండోమేటు
నాన్నగారి విషయం వింటే బాధేసింది. ఆ కంపెనీ మీద మీ కోపం నాకూ అర్థమవుతుంది. కానీ ఆ "ఆపే చెయ్యి" వచ్చి పడేది కంపెనీ మీద కాదమ్మా. టోక్యో ఆఫీసులో ఎవరి కంట్లోనూ యాసిడ్ పడదు. డెక్ కడిగే కుర్రాడి కంట్లో పడుతుంది. తీర్పు వాడి మీద వచ్చిందా?

2007 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? సీ షెపర్డ్ వాళ్ల ఇద్దరు రబ్బరు పడవలో మంచులో తప్పిపోయారు. వాళ్లను వెతకడానికి నిషిన్ మారు వచ్చింది, వేట ఓడే. గంటల తర్వాత దొరికారు. వాట్సన్ థాంక్స్ చెప్పి మళ్లీ వెంటపడ్డాడు. సముద్రంలో అందరం కలిసి వెతికే రోజు ఒకటి ఉంటుందనే నమ్మకం మీదే మా బతుకులు నడుస్తాయి. తాడు విసిరిన రోజు ఆ నమ్మకం కొంచెం తెగుతుంది.

నిప్పుకణిక
వెతికినందుకు వాళ్లకు దండం. మర్నాడు హార్పూన్ పట్టింది కూడా వాళ్లే.

మీరు చెప్పిన ప్రకారం వేట ఓడ అంటే కంపెనీ కాదు, డెక్ కుర్రాడు. ఆ లెక్కన ఏ కంపెనీనీ ఎప్పుడూ ఎవరూ ఆపలేరు. ప్రతిదాని ముందూ ఒక కుర్రాడు ఉంటాడు.

రెండోమేటు
ఉంటాడు. అదే నేనంటున్నది. మీరు రేవులో గేటు ముందు పడుకోండి, పడవలో కెమెరాతో వెంటపడండి, ఎంతకాలమైనా సరే, నేనే మీకు చందా ఇస్తాను. ముక్కు కిందకు మాత్రం రావద్దు. మీ ప్రాణాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, ఇప్పుడు ఏం చేస్తావో చూస్తానంటే, నేను ఒప్పుకోను.

నిప్పుకణిక
ముక్కు కిందకు వస్తేనే ఆగారు. కెమెరా చూసి ఎవరూ ఆగలేదు. మీరు రాసిన ఆ రాత్రి కూడా, ఓడ ఆగింది కదా.

రెండోమేటు
ఆగలేదమ్మా. వాళ్లు తప్పుకున్నారు.

నల్లకోటు
ఒక చిన్న దిద్దుబాటు. 2012 డిసెంబరులో అమెరికా కోర్టు సీ షెపర్డ్‌ను వేట ఓడలకు 500 గజాల దూరంలో ఉండమంది. అది ఉల్లంఘించినందుకు 2015లో 25.5 లక్షల డాలర్లు కట్టారు. అంటే ఆ ఆదేశం మాత్రం అమలైంది. వేటగాళ్లపై వచ్చింది అమలు కాలేదు. దీని మీద నా అభిప్రాయం చెప్పను, తేడా మాత్రం నాకూ కనబడింది.

నిప్పుకణిక గారూ, ఇది థ్రెడ్‌కు సంబంధం లేని విషయం. మీ దగ్గరున్న ఆ తీర్పు ఏ తేదీది? అమలు పిటిషన్ వేశారా? వాటికి గడువు ఉంటుంది. మెసేజ్ పెట్టండి.

నిప్పుకణిక
రెండుసార్లు వేశాం. పెడతాను.

ఊరికే_వచ్చా
అంటే పైరసీ కాదన్నట్టేనా?